పాత ట్రాక్టరుకు మరో ఇంజను

ఈ పత్రిక చదివే కుటుంబాలలో అనేకుల ఇంట ట్రాక్టరు ఉన్నది. లేనివారు బాడుగ ట్రాక్టరు మీద ఆధారపడి సేద్యం చేస్తున్నారు. వాటిలో కొత్తవి కొన్నే. ఇరవై, ముప్పై ఏళ్ల నాటి బండ్లను అతుకులు వేసుకుంటూ నడుపుకొస్తున్న ఇళ్లు మా పాస్టరేటులోనే పది దాకా ఉన్నాయి. అటువంటి ఒక బండికి ఇంజను మార్చిన సంగతి ఈ నెల రాయాలనుకున్నాము. ఆ పని చేసిన చేతులు మావి కావు. మేము పక్కన నిలబడి చూచినవారము, ఒకటి రెండు చోట్ల అడ్డం పడినవారము కూడా.

పల్నాడులో నల్లరేగడి పొలాల మధ్య ఉన్న గ్రామమది. ఆ ఇంటి యజమాని 1992లో మాసీ ఫెర్గూసన్ 1035 కొన్నాడు. 2019లో ఆయన చనిపోయేదాకా ఆ ఎర్ర బండి మీద ఇంకొకరిని కూర్చోనిచ్చింది తక్కువ. తరువాత కుమారుడు ఎక్కాడు. అప్పటికి వాడికి పందొమ్మిదేళ్లు. నాలుగెకరాల సొంత పొలం, ఆరెకరాల కౌలు, పత్తి, మిరప. తమ పని ముగిశాక ఊళ్లోవారికి బాడుగ దుక్కులు. చెల్లెలి నర్సింగు చదువు ఫీజు ఆ బాడుగ డబ్బుల నుండే పోతోంది.

2022 మే నెలాఖరున వేసవి దుక్కి సాగుతున్నది. రెండు రోజులుగా ఇంజనులో టకటకమని చప్పుడు వస్తోంది. ఆయిలు ప్రెషరు మీటరు ముల్లు కదలడం మానేసి అప్పటికే రెండేళ్లు. కుర్రవాడు చప్పుడు విన్నాడు గాని, ఒప్పుకున్న పొలం ఇంకా మూడెకరాలుంది, అయిపోయాక చూపిద్దామనుకున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం చాలు మధ్యలో పిడుగు పడ్డట్టు శబ్దం వచ్చింది. కనెక్టింగు రాడ్డు విరిగి, ఇంజను బ్లాకు గోడను పగలగొట్టుకుని బయటికి తొంగిచూచింది. అరచేయి దూరేంత బొక్క. ఆయిలంతా దుక్కిలోకి కారిపోయింది.

దీని కారణం తరువాత మేస్త్రీ విప్పి చూపించాడు. ఆయిలు తగ్గినా, పంపు సరిగా నెట్టకపోయినా ముందుగా దెబ్బతినేది రాడ్డు క్రాంకును పట్టుకునే చోట ఉండే బేరింగు. అది అరిగి వదులైతే ఇంజను తిరిగినప్పుడల్లా రాడ్డు క్రాంకును గుద్దుతుంది. ఆ టకటక అదే. విన్న రోజే ఆపి ఉంటే బేరింగులు మార్చి, క్రాంకు గ్రైండింగు పట్టించి, ఇరవై వేల లోపు బయటపడేవారు. బ్లాకు పగిలిన తరువాత బోరు చేయించడానికీ, లైనర్లు దించడానికీ ఏమీ మిగల్లేదు.

కుమారుని ఆలోచన కొత్త బండి మీదికి పోయింది. ఆరు లక్షలకు పైబడిన బండి. కొంత చేతి నుండి కట్టాలి, మిగతాది ఫైనాన్సు. షూరిటీ సంతకానికి మమ్మల్ని అడుగుదామని అనుకున్నాడు. ఆ ఆదివారం ఆరాధన ముగిశాక అందరూ వెళ్లేదాకా తల్లి అరుగు మీద కూర్చున్నది. "అయ్యగారూ, రేపో ఎల్లుండో మావాడు మీ దగ్గరికి సంతకానికి వస్తాడండీ. మీరు పెట్టొద్దు" అన్నది. ఎందుకమ్మా అంటే, "వాళ్ల నాన్న మిరపకు చేసిన అప్పు తీరి ఇంకా ఏడాది కాలేదండీ" అని మాత్రం అన్నది.

సంతకం పెట్టకపోతే సరిపోదు గదా, ఏరువాక ముందు ఆ ఇంటికి ఒక దారి కావాలి. పక్క మండలంలో నలభై ఏళ్లుగా ట్రాక్టర్ల పని చేస్తున్న సాయిబు మేస్త్రీ ఒకాయన ఉన్నాడు. ఆయనను వెంటబెట్టుకుని వెళ్లాము. ఆయన పగిలిన ఇంజను వైపు చూడనే లేదు. వెనక చక్రాన్ని జాకీ మీద లేపి చేత్తో తిప్పి చెవి పెట్టి విన్నాడు. గేర్‌బాక్సు అడుగు బిరడా తీసి, కారిన ఆయిలును వేళ్ల మధ్య రుద్ది చూశాడు. ఇనుప రజను చేతికి తగల్లేదు. హైడ్రాలిక్ ఎలా లేస్తున్నదని కుర్రవాణ్ని అడిగాడు. కల్టివేటరును ఎత్తి పట్టుకుంటే గంటసేపైనా దిగదని వాడు చెప్పాడు. క్రౌను చప్పుడు లేదు, గేర్లు జారడం లేదు. "వెనక మనిషి గట్టిగా ఉన్నాడు. గుండెకాయ మారుద్దాం" అన్నాడు మేస్త్రీ.

ఈ పరీక్ష ముఖ్యమైనది గనుక ఇక్కడ కొంచెం ఆగుతాము. ఇంజను పోయిన ప్రతి బండికీ ఇంజను మార్చడం లాభం కాదు. గేర్‌బాక్సు, క్రౌను, హైడ్రాలిక్, బ్రేకులు నిలిచి ఉంటేనే ఆ ఖర్చు గిట్టుతుంది. అవి కూడా అరిగిన బండికి మంచి ఇంజను తగిలిస్తే, మరుసటి ఏడు వెనక భాగం బిల్లు వస్తుంది.

ఇంజను మార్పిడి అంటే లేనివారి అతుకుల బొంత పని అని కొందరికి చిన్నచూపు. కొత్త బండి కొనలేక చేసుకునేది అని కుర్రవాడూ మూతి ముడుచుకున్నాడు. అయితే ఈ బండి పుట్టిన వంశంలోనే ఆ పని జరిగింది. ఇంగ్లండులో 1946 నుండి 1956 వరకు తయారైన చిన్న ఫెర్గూసన్ ట్రాక్టరుకు పెర్కిన్స్ కంపెనీ తన మూడు సిలిండర్ల పి3 డీజిల్ ఇంజనును, మార్పిడికి కావలసిన సామానుతో సహా అమ్మేది. పెట్రోలు ఇంజనులు దించి అక్కడి రైతులు వీటిని ఎక్కించుకున్నారు. 1956లో వచ్చిన ఫెర్గూసన్ 35కు స్టాండర్డ్ మోటార్ కంపెనీ వారి నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను ఉండేది. చలి ఉదయాల్లో అది లేవనని మొండికేసేది. 1959 చివరలో దాని స్థానంలో పెర్కిన్స్ మూడు సిలిండర్ల ఇంజను వచ్చింది. పాత నాలుగు సిలిండర్లవి కొనుక్కున్న రైతులు కొందరు తరువాత తామే దానిని తీయించి పెర్కిన్స్ బిగించుకున్నారు. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ ఏర్పడి మాసీ ఫెర్గూసన్ బండ్లను మన దేశంలో చేయసాగింది. వాటికి అమర్చిన సింప్సన్ ఇంజను, పెర్కిన్స్ వారి అనుమతితో మద్రాసులోనే తయారైన ఆ కుటుంబపు ఇంజనే. ఈ మాటలు కుర్రవాడికి చెబితే విన్నాడు గాని, మూతి మాత్రం సవరించుకోలేదు.

ముందుగా దగ్గరి పట్టణంలో పాత ఇంజనులు అమ్మే ఒక దుకాణానికి వెళ్లాము. తల్లి కూడా వచ్చింది, ఆర్.సి. కాగితాలు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని. దుకాణదారు మర్యాదస్థుడు, టీలు తెప్పించాడు. ఒక ఇంజనును దుంగల మీద నిలబెట్టి తాళం తిప్పీ తిప్పకముందే స్టార్టు చేసి చూపించాడు. మాకు చాలా బాగుందనిపించింది. మేస్త్రీ మాత్రం ఆగిన ఇంజను మీద చేయి పెట్టి, "ఇది మనం రాకముందే నడిచింది. చల్లారాక చూద్దాం" అన్నాడు. వేడిగా ఉన్న ఇంజను అరిగినదైనా చక్కగా స్టార్టవుతుంది. దాని అసలు సంగతి చల్లగా ఉన్నప్పుడే తెలుస్తుంది. రెండు గంటలు కూర్చున్నాము. తరువాత ఎంత తిప్పినా ఇంజను అందుకోలేదు, తెల్లటి పొగ మాత్రం వచ్చింది.

దుకాణదారు ఏమీ చిన్నబుచ్చుకోకుండా మరొకటి చూపించాడు. ఇది చల్లగానే స్టార్టయింది, ధర కూడా తక్కువ. మేస్త్రీ వంగి, పానాతో ఇంజను అడుగున ఉన్న ఆయిలు సంపును తట్టాడు. రేకు డబ్బా చప్పుడు వచ్చింది. "ఇది జనరేటరుది" అని లేచి నిలబడ్డాడు.

ఇక్కడ ట్రాక్టరు నిర్మాణం గురించి ఒక మాట చెప్పాలి. లారీకి, జీపుకు కింద ఇనుప చట్రం ఉంటుంది. ఇంజను దాని మీద కూర్చుంటుంది. మన ట్రాక్టరుకు ఆ చట్రమే లేదు. 1917లో హెన్రీ ఫోర్డు తెచ్చిన ఫోర్డ్‌సన్ ట్రాక్టరు నుండి ఈ పద్ధతి బాగా వ్యాపించింది. ముందు యాక్సిలు ఇంజనుకు, ఇంజను గేర్‌బాక్సుకు, గేర్‌బాక్సు వెనక భాగానికి బోల్టులతో బిగించి ఉంటాయి. అంటే ఇంజనే వెన్నెముకలో ఒక పూస. అందుకని ట్రాక్టరు ఇంజను సంపును బరువు మోసేలా మందమైన పోత ఇనుముతో చేస్తారు. అదే ఇంజనును జనరేటరుకు పెడితే అది ఏ బరువూ మోయనక్కర్లేదు గనుక రేకు సంపు సరిపోతుంది. దాని పంపు కూడా ఒకే వేగంలో, సాధారణంగా నిమిషానికి 1500 తిప్పులకు నిలిచేలా కట్టి ఉంటుంది. ఫ్లైవీలు కూడా వేరుగా ఉండవచ్చు. సంపు, పంపు, ఫ్లైవీలు అన్నీ మార్చుకుంటే పని జరుగుతుంది, కాని అప్పుడు చవక బేరం చవకగా ఉండదు.

మూడవ ఇంజను ట్రాక్టరుదే. పోత సంపు, స్టార్టింగు బాగుంది. నంబరు ఉండే చోట మాత్రం ఆకురాయి గీతలు మెరుస్తున్నాయి, నంబరు లేదు. దుకాణదారు చాలా మామూలుగా, "మీ పాత ఇంజను నంబరే దీనిమీద కొట్టించి ఇస్తామండీ. ఆర్.సి. మార్చక్కర్లేదు, ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. అందరం చేసేదే" అన్నాడు.

మేము వెంటనే కాదన్నామని రాస్తే అది అబద్ధమవుతుంది. తొలకరి పది రోజుల్లో ఉంది, ధర అందుబాటులో ఉంది, ఇంజను మంచిది. మేము నోరు మెదపలేదు. కుర్రవాడు మా ముఖం చూస్తున్నాడు. తల్లి అడిగింది, "నంబరు కొట్టించడమంటే ఏమిటి అయ్యగారూ?" అని. చెప్పాము. ఆమె కవరులోని ఆర్.సి. తీసి, మళ్లీ లోపల పెట్టి, "ఈ కాగితం మీద మీ నాన్న పేరుంది. దొంగ నంబరు ఆయన పేరు మీద ఎందుకురా?" అని కుమారునితో అని లేచింది. మేము కూడా లేచాము, ఆమె వెనకాలే.

వ్యవహారపు లెక్కలో చూచినా ఆమె మాట సరియైనదే. నంబరు గీకిన ఇంజను దొంగిలించిన బండిదై ఉండవచ్చు. పోలీసులు పట్టుకున్న రోజున ఆ గీతలే మొదటి సాక్ష్యం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఇంజను మార్చితే పద్నాలుగు రోజుల్లోగా రిజిస్ట్రేషను అధికారికి తెలియజేసి, ఆర్.సి.లో కొత్త నంబరు రాయించుకోవాలి. ఏదైనా ప్రమాదం జరిగి బీమా కంపెనీ వారు వస్తే మొట్టమొదట చూచేవి ఇంజను నంబరు, ఛాసిస్ నంబరు.

రెండు రోజుల తరువాత విజయవాడ ఆటోనగర్ వెళ్లాము. అక్కడికి వెళ్లనివారికి ఆ స్థలం ఎలా ఉంటుందో చెప్పడం కష్టం. వీధికి ఒక పని. ఒక వరుసలో బాడీలు కట్టేవారు, మరొక వరుసలో క్రాంకులు పట్టేవారు, ఇంకొకచోట గేర్లు గుట్టలుగా పోసి అమ్మేవారు. నేల సైతం ఆయిలుతో నల్లగా ఉంటుంది. మేస్త్రీకి అక్కడ తెలిసినవారున్నారు. ఒక షెడ్డులో మా మోడలు బండినే తుక్కు కింద కొని విప్పుతున్నారు. ఇంజను ఇంకా దాని మీదనే ఉంది, నంబరు స్పష్టంగా ఉంది. పుల్లీకి పానా తగిలించి మేస్త్రీ చేత్తో తిప్పాడు. మూడు సిలిండర్లలోనూ గాలి సమంగా ఎదురు తన్నింది. ఆయిలు పోసే మూత తీసి అడుగున వేలు పెట్టాడు. పెరుగులాంటి తెల్లటి జిగురు లేదు గనుక నీళ్లు ఆయిల్లో కలవడం లేదు. స్టార్టు చేసి, గాలి వదిలే గొట్టం దగ్గర అరచేయి పెట్టాడు. సన్నగా పొగ వచ్చింది. "రింగులు కొంచెం అరిగాయి. మూడు నాలుగేళ్లు ఢోకా లేదు" అన్నాడు. 62,000 రూపాయలకు తెగింది. అమ్మకపు రసీదు, ఆ తుక్కు బండి ఆర్.సి. నకలు తీసుకున్నాము. రసీదులో ఇంజను నంబరు రాయించాము.

ఇక విప్పే రోజు. ఇంటి ముందున్న వేపచెట్టు కొమ్మకు చైను పుల్లీ కడదామని కుర్రవాళ్లు సిద్ధమయ్యారు. ఇంజను రెండు క్వింటాళ్లకు పైమాటే, కొమ్మను నమ్మనన్నాడు మేస్త్రీ. ఆయన తెచ్చిన ఇనుప పైపుల ముక్కాలి నిలబెట్టారు. నేల మెత్తన గనుక ఒక్కొక్క కాలి కింద ఒక బల్ల ముక్క వేశారు.

బానెట్టు, డీజిలు ట్యాంకు, రేడియేటరు, వైర్లు, స్టీరింగు కడ్డీలు విప్పడం ఉదయం పదింటికల్లా అయిపోయింది. అసలు జాగ్రత్త ఆ తరువాతనే. ట్రాక్టరు ముందు యాక్సిలు మధ్యలో ఒక్క పిన్ను మీద ఊగుతుంది. బండి మొత్తంగా ఉన్నప్పుడు ఆ ఊపు మంచిదే, గట్టు ఎక్కినా చక్రాలు నేలను విడవవు. బండిని నడుముకు విడదీసిన క్షణాన, ముందు భాగానికి వెనక ఆధారం పోయి, ఏదో ఒక పక్కకు దొర్లిపోతుంది. అందుకని యాక్సిలుకూ దాని పైనున్న బ్రాకెట్టుకూ మధ్య రెండు పక్కలా చెక్క మేకులు బిగించి కొట్టాలి. వెనక భాగం కింద గేర్‌బాక్సుకు దుంగలు పేర్చాలి. మేస్త్రీ తన చెక్క మేకులను సంచిలో తెచ్చుకున్నాడు, తుమ్మ చెక్కవి. నలభై ఏళ్లలో ఒకసారి అవి పెట్టకుండా విప్పినవాడి కాలు పోవడం చూశానని చెప్పాడు.

బోల్టులు తీసి ముందు భాగాన్ని నెట్టేసరికి బండి రెండు ముక్కలయింది. తల్లి వాకిట్లో నిలబడి చూసి లోపలికి వెళ్లిపోయింది.

బండి విడిపోయిన వేళ చేయవలసినవి కొన్ని ఉన్నాయి. మరొకప్పుడు వాటిని చేరాలంటే బండిని మళ్లీ ఇలాగే కోయాలి గనుక, డబ్బు మిగిలినా మిగలకపోయినా అప్పుడే చేయించాలి. క్లచ్ ప్లేట్లు, క్లచ్ నొక్కే రిలీజ్ బేరింగు, ఫ్లైవీలు మధ్య ఉండే చిన్న బేరింగు, గేర్‌బాక్సు ముందు ఆయిలు సీలు, క్రాంకు వెనక సీలు. ఈ పాత ఇంజనుల్లో క్రాంకు వెనక సీలు తాడులాంటిది. రెండు ముక్కలుగా కూర్చి నొక్కి పెట్టాలి, పొడవు ఏమాత్రం తక్కువైనా ఆయిలు కారి క్లచ్ మీద పడుతుంది. వీటికి 13,500 రూపాయలు అయ్యాయి. కుర్రవాడు క్లచ్ ప్లేటు ఇంకో ఏడాది వస్తుంది గదా అన్నాడు. మేస్త్రీ సమాధానం చెప్పలేదు, పాత ప్లేటును తీసి తుక్కులోకి విసిరాడు.

సాయంత్రం నాలుగింటికి కొత్త ఇంజనును ముందు భాగానికి బిగించి, చక్రాల మీద మెల్లగా వెనకకు నెడుతూ గేర్‌బాక్సుతో కలపసాగారు. బాగానే వచ్చింది, ఒక్క అంగుళం మిగిలి ఆగింది. ఊపారు, జాకీ ఎత్తారు, దించారు. పుల్లీ పట్టుకుని ఇంజనును తిప్పారు. గేరులో వేసి వెనక చక్రం కదిపారు. పి.టి.ఓ. కడ్డీని తిప్పారు. అంగుళం అంగుళంగానే ఉంది. రెండు గంటలు గడిచాయి. చీకటి పడుతున్నది, సాయం వచ్చిన ఏడుగురూ అలసిపోయారు. బోల్టు రంధ్రాలు ఎదురెదురుగా చక్కగా కనిపిస్తున్నాయి. అప్పుడు మేమే అన్నాము, "నాలుగు పొడుగు బోల్టులు వేసి నాలుగు వైపులా కొంచెం కొంచెం బిగిస్తే అదే వస్తుంది కదా" అని. కుర్రవాడు అప్పటికే పానా అందుకున్నాడు.

మేస్త్రీ మా మధ్యకు వచ్చి పానా లాక్కున్నాడు. "అయ్యగారూ, మీ పని నేను చెబుతానా? ఇది నా పని" అన్నాడు. మాకు సిగ్గు వేసింది. తరువాత శాంతంగానే చెప్పాడు. చేత్తో నెడితే కలవని చోట బోల్టుతో లాగితే రెండే జరుగుతాయి: కడ్డీ పళ్లు వెళ్లి క్లచ్ ప్లేటు మధ్య దిమ్మను పగలగొడతాయి, లేదా ఇంజను వెనక పోత ఇనుము చెవి ఊడిపోతుంది. అప్పుడు ఇంకో ఇంజను.

లాంతరు వేలాడదీసి మళ్లీ విడదీశారు. ఆయన క్లచ్ విప్పి చూశాడు. ప్లేటు ఒక నూలు పోగంత పక్కకు ఉంది. మధ్యకు పెట్టడానికి తాను వాడిన కర్ర కడ్డీ అరిగి వదులైందని తానే ఒప్పుకున్నాడు. "తప్పు నాదే" అని, అన్నం తినకుండా మోటారు సైకిలు మీద తన షెడ్డుకు పోయి, ఏనాటిదో విరిగిన గేర్‌బాక్సు నుండి తీసి దాచుకున్న అసలు కడ్డీ ముక్కను తెచ్చాడు. అది క్లచ్ మధ్యలో పెట్టి ప్లేటు సరిచేసి, ప్రెషరు ప్లేటు బోల్టులు ఎదురెదురు వరుసలో బిగించాడు. రాత్రి పదిన్నరకు మళ్లీ నెట్టారు. పుల్లీని పావు చుట్టు తిప్పగానే, తలుపు గడియ పడ్డట్టు, ఇంజను వెళ్లి గేర్‌బాక్సుకు ఆనుకుంది. బోల్టులన్నీ వేళ్లతోనే సగం దాకా ఎక్కాయి.

మిగతా బిగింపు మరునాడు పూటలో అయింది. డీజిలు గొట్టాల్లో గాలి తీయడం ఒక్కటే కొంత సేపు పట్టింది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, పంపు చేతి మీటను కొడుతుంటే ముందు నురుగు వస్తుంది. నురుగు పోయి బుడగ లేని డీజిలు కారాక దానిని బిగించి, డీజిలు పంపు స్క్రూలు, ఆ తరువాత నాజిళ్ల దగ్గరి నట్లు. ఈ వరుస తప్పితే రోజంతా సెల్ఫు కొట్టినా బ్యాటరీ దిగిపోవడమే తప్ప ఇంజను లేవదు. దానికి ముందు, డీజిలు ఆపే మీట లాగి పట్టుకుని, ఆయిలు ప్రెషరు మీటరు ముల్లు లేచేదాకా సెల్ఫు కొట్టి తిప్పించాడు. ఎండిపోయిన బేరింగుల మీద ఇంజనును ఒక్క క్షణం కూడా పరుగెత్తించకూడదట. అవును, మీటరు కొత్తది వేశారు.

మధ్యాహ్నం రెండింటికి స్టార్టయింది. నల్లటి పొగ, తరువాత నీలి పొగ, తరువాత పొగ లేదు. కుర్రవాడు ఇంజను చుట్టూ రెండుసార్లు తిరిగాడు.

కథ ఇక్కడితో ముగిసిందనుకున్నాము గాని, కాగితాల భాగం ఇంకా మిగిలి ఉంది. పద్నాలుగు రోజుల గడువు లోపలే తల్లిని వెంటబెట్టుకుని ఆర్.టి.ఏ. కార్యాలయానికి వెళ్లాము. గుమాస్తా ఆర్.సి. చూసి, "ఈయన రావాలి కదా" అన్నాడు. చనిపోయారన్నాము. ఎప్పుడు? మూడేళ్లయింది. యజమాని చనిపోతే వారసులు ముప్పై రోజుల్లో తెలియజేసి, మూడు నెలల్లోగా 31వ నంబరు ఫారంలో తమ పేరుకు మార్చుకోవాలి. ఆ సంగతి ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే సమాధి కార్యక్రమం జరిపించిన మాకూ తెలియదు. ఆ మూడేళ్లలో మా పాస్టరేటులో ఎన్ని ఇళ్లలో ఎన్ని బండ్లు చనిపోయినవారి పేరున తిరుగుతున్నాయో అప్పుడు లెక్కపెడితే అయిదు తేలాయి. పైగా రిజిస్ట్రేషను గడువు మొదట పదిహేనేళ్లు, ఆపైన ఐదేళ్లకు ఒకసారి 25వ నంబరు ఫారంతో పొడిగించుకోవాలి. 1992 బండి గనుక ఆ గడువు కూడా ఆ సంవత్సరమే తీరుతున్నది.

మరణ ధృవపత్రం దొరికింది. కుటుంబ సభ్యుల ధృవపత్రానికి తహసీల్దారు కార్యాలయానికి నాలుగుసార్లు తిరిగారు. ఆలస్యానికి రుసుము కట్టారు. ఈలోగా వానలు పడ్డాయి. బండి రోడ్డెక్కించకుండా డొంకదారిన తమ పొలానికి మాత్రం తోలుకున్నారు. పక్క ఊళ్ల బాడుగలు ఆ తొలకరికి పోయాయి. కుర్రవాడు ఒక రాత్రి మా ఇంటికి వచ్చి, "నంబరు కొట్టించి ఉంటే ఈపాటికి ముప్పై వేలు సంపాదించేవాణ్ని అయ్యగారూ" అన్నాడు. వాడి లెక్క తప్పు కాదు. మా దగ్గర జవాబు లేదు. అమ్మగారు అన్నం పెడితే తిని వెళ్లాడు. చెల్లెలి ఫీజుకు ఆ సారి తల్లి చెవి కమ్మలు బ్యాంకులో పెట్టింది.

ఆగస్టులో బ్రేకు ఇన్‌స్పెక్టరు బండిని తెమ్మన్నారు. ఆయన ఛాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిలు రుద్ది అచ్చు తీశారు, తరువాత ఇంజను నంబరు మీద. ఆటోనగర్ రసీదులోని నంబరుతో ఒక్కొక్క అంకె పోల్చుకుని, రసీదు ఎక్కడిదని అడిగి, సంతకం పెట్టారు. సెప్టెంబరులో ఆర్.సి. తల్లి పేరున, కొత్త ఇంజను నంబరుతో వచ్చింది. బీమా దాని ప్రకారం రాయించారు.

మొత్తం ఖర్చు, ఇంజను, సామాను, మేస్త్రీ కూలి, విజయవాడ నుండి రవాణా, ఆయిలు, కాగితాల రుసుములు అన్నీ కలిపి లక్షకు అయిదు వేలు తక్కువ. పగిలిన ఇంజనులో పనికి వచ్చే డైనమో, పంపు, నాజిళ్లు ఉంచుకుని మిగతా ఇనుమును తుక్కుకు వేశారు. కమ్మలు పత్తి అమ్మాక విడిపించారు. మేస్త్రీ చెప్పిన మూడు నాలుగేళ్లలో మూడు గడిచాయి. ఈ వేసవికి రింగులు మార్పించాలని అనుకుంటున్నారు.

పోయిన నెల ఆ ఊరు వెళ్లినప్పుడు కుర్రవాడు తెల్లవారుజామునే బండి దగ్గర ఉన్నాడు. ఆయిలు కడ్డీ తీసి, గుడ్డతో తుడిచి, ముంచి, వెలుగులో చూస్తున్నాడు. స్టార్టు చేశాక మీటరు ముల్లు లేచేదాకా సీటు ఎక్కడు. ఆ మీటరు ఖరీదు 450 రూపాయలు అయిందట.